టెక్ సందేహాలు: రిలే ఆన్ కాగానే బోర్డు రీస్టార్ట్ అవుతోంది

సందేహం: పలాసలోని మా జీడిపప్పు యూనిట్‌లో ఆరబెట్టే గది వేడిని బట్టి ఫ్యాన్ ఆన్ అయ్యేలా ఈఎస్‌పీ32 బోర్డును (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్), రిలేను (బోర్డు ఆదేశంతో పనిచేసే విద్యుత్ స్విచ్) అమర్చాను. ఇంట్లో ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే బాగానే పనిచేస్తోంది. యూనిట్‌లో ఫోన్ ఛార్జర్‌తో నడిపితే మాత్రం రిలే ఆన్ అయినప్పుడల్లా రీస్టార్ట్ అవుతోంది. ప్రోగ్రామ్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం లేదు.
– ఒక పాఠకుడు, పలాస

సమాధానం: ప్రోగ్రామ్‌ను మళ్లీ మార్చే ముందు, రీస్టార్ట్‌కు కారణమేమిటో చిప్ ద్వారానే తెలుసుకోండి. సెటప్ మొదట్లో ‘ఈఎస్‌పీ రీసెట్ రీజన్’ ఫంక్షన్‌ను పిలిస్తే ఒక అంకె వస్తుంది. 4 వస్తే ప్రోగ్రామ్ కుప్పకూలిందని, 9 వస్తే సరఫరా వోల్టేజి పడిపోయిందని అర్థం. ఛార్జర్‌పై నడిచేటప్పుడు సీరియల్ మానిటర్ (బోర్డు సందేశాలను ల్యాప్‌టాప్‌లో చూపే విండో) ఉండదు కనుక, ఆ అంకెను ప్రిఫరెన్సెస్ లైబ్రరీతో ఫ్లాష్‌లో (పవర్ పోయినా చెరగని మెమరీలో) దాచి, తర్వాత ల్యాప్‌టాప్‌లో చదువుకోవాలి. అయితే మామూలుగా పవర్ ఇచ్చినప్పుడు వచ్చే 1ని దాచకండి. దాస్తే ల్యాప్‌టాప్‌కు తగిలించగానే అసలు సాక్ష్యం చెరిగిపోతుంది.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి 9 వస్తుందనే నా అంచనా. వైఫై సంకేతాలు పంపే క్షణాల్లో ఈ చిప్ 240 మిల్లీఆంపియర్ల వరకు లాగుతుంది. అదే సమయంలో రిలే కాయిల్ కూడా లాగితే, పొడవాటి సన్నని కేబుల్‌లో వోల్టేజి తగ్గిపోతుంది. కేబుల్ మార్చి, రిలేకు వేరే 5 వోల్టుల సరఫరా ఇచ్చి చూడండి. వోల్టేజి పడిపోతే చిప్‌ను రీస్టార్ట్ చేసే బ్రౌనౌట్ డిటెక్టర్‌ను ఆపేయమనే సలహా ఇంటర్నెట్‌లో విరివిగా కనిపిస్తుంది కానీ, దాన్ని పాటించవద్దు. వోల్టేజి చాలని చిప్ అడ్డదిడ్డంగా నడిచి, ఫ్లాష్‌లోని సమాచారాన్ని పాడుచేసే ప్రమాదం ఉంది.

అప్పటికీ ఆగకపోతే, మెయిన్స్ ఆపి ఫ్యాన్ తీగలను విప్పి, రిలేను మాత్రమే ఆన్ చేసి చూడండి. రీస్టార్ట్ ఆగిపోతే, రిలే స్విచ్ కాంటాక్టుల వద్ద పుట్టే స్పార్కే కారణమై ఉంటుంది. అప్పుడు వాటికి అడ్డంగా 230 వోల్టుల ఏసీకి తగిన ఆర్‌సీ స్నబ్బర్‌ను (స్పార్క్‌ను అణిచే రెసిస్టర్, కెపాసిటర్ జోడీని) ఎలక్ట్రీషియన్‌తో వేయించండి.

సందేహం: ఈఎస్‌పీ32 బోర్డులో 27వ పిన్నుకు నేల తేమ సెన్సర్ కలిపాను. వైఫై ఆన్ చేయగానే రీడింగ్ సరిగా రావడం లేదు.
– ఒక విద్యార్థిని, బొబ్బిలి

సమాధానం: సెన్సర్ బాగానే ఉండవచ్చు. సెన్సర్ వోల్టేజిని అంకెగా మార్చే ఏడీసీ భాగాలు ఈ చిప్‌లో రెండున్నాయి. 27వ పిన్ను వాటిలో ఏడీసీ2కు చెందినది, వైఫై నడిచేటప్పుడు ఆ భాగం అందుబాటులో ఉండదు. తీగను 32 నుంచి 35 వరకు ఉన్న ఏదైనా ఏడీసీ1 పిన్నుకు మార్చి, ప్రోగ్రామ్‌లోనూ ఆ సంఖ్యను సరిచేయండి.