పిల్లలతో ఊరు చూద్దాం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైదరాబాద్ జూ పార్కు గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాకు ఐదేళ్ల పాప, రెండేళ్ల బాబు. ఆదివారం పదకొండింటికి జూకి వెళ్లాం. టికెట్లకు ఒక లైను, బ్యాటరీ బండికి ఇంకో లైను. సఫారీ దాకా వెళ్లేసరికి చిన్నోడు ఏడుపు లంకించుకున్నాడు. పులిని చూడకుండానే వెనక్కి వచ్చేశాం. మళ్లీ వెళ్తే ఎలా వెళ్లాలి? (ఒక తల్లి, ఉప్పల్)

జవాబు: పదకొండింటికి వెళ్లడమే తేడా కొట్టింది. రెండేళ్ల పిల్లలకు పన్నెండు, ఒంటిగంట మధ్య నిద్ర ముంచుకొస్తుంది. మీరు సరిగ్గా ఆ నిద్రవేళకు లైన్లో నిలబడ్డారు. పెద్ద పిల్లులది కూడా అదే కథ. ఎండ ముదిరాక సింహమైనా పులైనా చెట్టు నీడన కాళ్లు చాపి పడుకుంటుంది. పొద్దున్నే అయితే లేచి తిరుగుతూ కనిపిస్తుంది.

బహదూర్‌పురాలోని నెహ్రూ జూ 380 ఎకరాల్లో ఉంది. ఒక్కరోజులో, అదీ ఇద్దరు పసిపిల్లలతో, మొత్తం చూసే పని పెట్టుకోకండి. ఉదయం గేటు తెరిచే వేళకు అక్కడుండేలా బయలుదేరండి. టికెట్లు ముందురోజు రాత్రే ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఒక లైను తప్పుతుంది. లోపలికి వెళ్లగానే దగ్గర్లో కనిపించిన ప్రతి బోను ముందూ ఆగకుండా బ్యాటరీ బండిలో నేరుగా సఫారీకి వెళ్లండి. సఫారీ టికెట్ వేరు, లైను కూడా వేరు. ఎక్కువ సమయం తినేదీ, పిల్లలు ఎక్కువ ఆశపడేదీ అదే కాబట్టి ఓపిక ఉన్నప్పుడే కానిచ్చేయాలి. అది అయ్యాక ఏనుగు, జిరాఫీ, కోతులు. రెండేళ్ల వాడికి ఇవి ధారాళంగా చాలు. టాయ్ ట్రైన్ తర్వాత పెట్టుకోండి. అప్పటికి కాళ్లు నొప్పి పుట్టి ఉంటాయి, కూర్చోవడమే పండగ.

నిశాచర జంతువుల గృహాన్ని ఎండ ముదిరే వేళకు దాచుకోండి. అందులో పగలు రాత్రిలా మసక వెలుతురు, రాత్రి పగలులా లైట్లు ఉంటాయి. అందుకే దేవాంగపిల్లి, ముళ్లపంది లాంటివి మనం వెళ్లే వేళకు మెలకువగా తిరుగుతాయి. చాలామంది ఎండలోంచి నేరుగా లోపలికి వెళ్లి, ‘ఏమీ లేదిక్కడ’ అనుకుంటూ రెండు నిమిషాల్లో బయటపడతారు. చీకటికి కళ్లు కాస్తయినా అలవాటు పడాలంటే ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. లోపలికి అడుగుపెట్టాక గోడవారగా ఆగి, పిల్లలతో గుసగుసగా మాట్లాడుతూ కాసేపు నిలబడండి. ఫోన్ లైటు వేయకండి. వేస్తే మీ కళ్లూ మొదటికొస్తాయి, జంతువులూ బెదురుతాయి.

ఒంటిగంటకల్లా బయట ఉండండి. చిన్నోడు కారులోనో ఆటోలోనో నిద్రపోతాడు. సోమవారం జూకి సెలవు. రంజాన్, బక్రీద్ మర్నాడు, జనవరి 1, సంక్రాంతి సెలవుల్లో జనం విరగబడతారు. పసిపిల్లలతో ఆ రోజులు వద్దు. తోపుడు బండి తీసుకెళ్లవచ్చు, రోడ్లు బాగానే ఉంటాయి.

ప్రశ్న: పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్తే మధ్యాహ్నానికి పెరుగన్నం పులిసిపోతోంది, పులిహోర చెమ్మగిల్లి వాసన వస్తోంది. బయట తిండి పిల్లలకు పెట్టాలంటే భయం. (కూకట్‌పల్లి)

జవాబు: పులిహోరకు వేడి మీద మూత పెట్టడం, పెరుగన్నానికి పొద్దున్నే పెరుగు కలపడం మూలం. నలుగురికి, అంటే ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలకు, పులిహోరకు గ్లాసున్నర బియ్యం, పెరుగన్నానికి ముప్పావు గ్లాసు సరిపోతాయి. పులిహోర అన్నాన్ని పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, చెంచా నూనె, పసుపు వేసి పూర్తిగా చల్లారనివ్వండి. ఆ తర్వాతే పెద్ద నిమ్మకాయంత చింతపండుతో ఉడికించిన పులుసు, పోపు కలపాలి. వేడిగా ఉండగా డబ్బాలో కూరితే ఆవిరి మూతకు పట్టి నీళ్లయి కిందికి కారుతుంది. ఆ తడికే అన్నం పాడవుతుంది.

పెరుగన్నానికి పొద్దున పెరుగు కలపకండి. అన్నం మెత్తగా వండి, మెదిపి, గోరువెచ్చగా ఉండగా కాచిన పాలు అర లీటరు పోసి, రెండు చిన్న చెంచాల కమ్మటి పెరుగు తోడు వేయండి. ఏడింటికి కలిపితే పన్నెండున్నరకు కమ్మగా తోడుకుని ఉంటుంది. పొద్దున జారుగా, పాలల్లో మునిగినట్టు కనిపించాలి. గట్టిగా ఉంటే మధ్యాహ్నానికి ముద్ద అయిపోతుంది. ఉల్లి, కీర ముక్కలు ముందే కలిపితే నీరు దిగుతుంది, విడిగా పట్టుకెళ్లండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఐస్ ప్యాక్ పెట్టిన సంచీ లేకుండా పెరుగన్నం జోలికి వెళ్లొద్దు. ఇడ్లీ కడితే కొబ్బరి చట్నీ కాకుండా నూనె కలిపిన కారప్పొడి పెట్టండి. కొబ్బరి ఎండకు ఆగదు.

ఒక జాగ్రత్త చాలా ఇళ్లలో మరిచిపోతారు. ఐదేళ్లలోపు పిల్లలకు పెట్టే పులిహోరలో పల్లీలు, శనగపప్పు ఏరేయండి. నడుస్తూ, నవ్వుతూ తింటే గింజ గొంతుకు అడ్డం పడుతుంది. ద్రాక్ష పండ్లను నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి.

నీళ్లు అడిగేదాకా ఆగకుండా అరగంటకోసారి రెండు గుక్కలు తాగించండి. విరేచనాలో వాంతులో అయితే వాడటానికి ఓఆర్‌ఎస్ పొడి ఒక ప్యాకెట్ సంచిలో ఉండాలి. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో చిటికెడు వేస్తే ఉప్పు, చక్కెర పాళ్లు తప్పుతాయి. షాపుల్లో డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు దీనికి బదులు కావు. అలాంటి వాటి మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. అందుకోసం ఏళ్ల తరబడి పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారే.

ప్రశ్న: మా అత్తగారికి సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలని ఉంది. ఆరేళ్ల బాబు ‘బోర్’ అంటాడు. ఇద్దరికీ కుదిరే దారి ఉందా? (మలక్‌పేట)

జవాబు: ఉంది, మ్యూజియంలోని గంటలు కొట్టే గడియారం చుట్టూ ప్లాను వేసుకుంటే. ముందు ఏ వారమో చూసుకోండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. అటే వెళ్లి చౌమహల్లా ప్యాలెస్ చూద్దామంటే దానికీ శుక్రవారమే సెలవు.

కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం అది. గంట కాగానే చిన్న బొమ్మ మనిషి తలుపు తీసుకుని వచ్చి ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి వెళ్లిపోతాడు. అందరూ పన్నెండు దెబ్బలు వినాలని పన్నెండుకే ఎగబడతారు. అప్పుడు ఆరేళ్ల పిల్లాడికి పెద్దల వీపులు తప్ప ఏమీ కనబడవు. మా మాట వింటే పదకొండింటికి వెళ్లండి. ఒక్క దెబ్బ తక్కువ, జనం చాలా తక్కువ. పది నిమిషాలు ముందే ముందు వరసలో కూర్చోబెట్టి, ఎన్ని కొట్టాడో లెక్కపెట్టే పని బాబుకు అప్పగించండి. ఈలోపు సెకను సెకనుకూ సుత్తి వేసే కమ్మరి బొమ్మను వెతకమనండి.

తర్వాత మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా చెక్క శిల్పం. ముందు నుంచి పొగరుగా నిలబడ్డ మగమనిషి, వెనక తల వంచుకున్న అమ్మాయి, రెండూ ఒకే దుంగలో చెక్కినవి. వెనక అద్దం ఉంటుంది. ‘అద్దంలో ఎవరున్నారో చూసి చెప్పు’ అనండి, మిగతాది వాడే చూసుకుంటాడు. ఆయుధాల గది, బొమ్మల గది వాడికి వదిలేసి, ఈలోపు అత్తగారిని ‘ముసుగు రెబెకా’ దగ్గర తీరిగ్గా కూర్చోనివ్వండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ అది, ఆ పల్చటి మేలిముసుగు కూడా రాయే. గంటన్నర చాలు. పింగాణీ గదులు పిల్లలతో పెట్టుకోకండి.

మెట్రోలో అయితే ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కండి. అక్కడ పార్కింగ్ వెతుక్కోవడం కంటే ఇదే సుఖం.

ప్రశ్న: పది నెలల పాపతో గోల్కొండ ఎక్కవచ్చా? (మెహిదీపట్నం)

జవాబు: పై దాకా వద్దు. మూడు వందలకు పైగా మెట్లు, ఎత్తు ఒకలా ఉండదు, తోపుడు బండి పనికిరాదు. పాపను ఛాతీకి కట్టుకుంటే మీ అడుగు మీకే కనబడదు. దిగేటప్పుడు అది మరీ ప్రమాదం. ఎండకు రాయి కాగి ఆ సెగ కింది నుంచి కూడా కొడుతుంది. కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొట్టి, పచ్చిక మీద కూర్చుని రండి. ఇంట్లో మరొకరికి పైకి వెళ్లే ఓపిక ఉంటే చప్పట్లు పైన బాలా హిస్సార్‌లో వినిపించాయో లేదో ఫోన్‌లో అడగండి.

ప్రశ్న: వాటర్ పార్కుకు వెళ్దామంటున్నారు. పిల్లలకు నాలుగేళ్లు, ఏడాదిన్నర. ఏ బట్టలు వేయాలి? డైపర్ సంగతేమిటి? (మియాపూర్)

జవాబు: నైలాన్ లేదా లైక్రా బట్టలు. నూలు టీషర్టుతో నీళ్లలోకి రానివ్వరు. అది నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, జారుడు బల్ల మీద ఒరుసుకుంటుంది, దాని పోగులు ఫిల్టర్లలో ఇరుక్కుంటాయి. మామూలు డైపర్ ఇంకా ఘోరం. లోపలి జెల్ తడిని పీల్చేందుకే ఉంది కాబట్టి కొలను నీళ్లన్నీ పీల్చి బెలూన్‌లా ఉబ్బి పగులుతుంది. ఈత డైపర్లు వేరే దొరుకుతాయి, మూడు తీసుకెళ్లండి. అవి మలాన్ని ఆపుతాయి గానీ మూత్రాన్ని ఆపవు. అందుకే నీళ్లలోకి దిగే నిమిషం ముందు వేయాలి, కారులో కాదు.

రావిర్యాలలోని వండర్‌లాలో టికెట్ వయసును బట్టి కాకుండా ఎత్తును బట్టి ఉంటుంది. పెద్ద రైడ్లకూ ఎత్తే కొలత. ఇంట్లో గోడకు నిలబెట్టి కొలిచి వెళ్తే గేటు దగ్గర పేచీ, రైడ్ దగ్గర ఏడుపు తప్పుతాయి. సన్‌స్క్రీన్ నీళ్లలోకి దిగడానికి ఇరవై నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి తుడిచి మళ్లీ రాయాలి. పెదవులు నీలంగా మారినా, వణుకు మొదలైనా ‘ఇంకొక్కసారి’ అన్న మాట వినకుండా బయటికి తీయండి.

గాలి నింపిన చేతి పట్టీలను నమ్ముకోవద్దు. అవి ఆట వస్తువులు, జారిపోతాయి. మునిగే పిల్లలు అరవరు, చేతులు ఊపరు, నిశ్శబ్దంగా మునుగుతారు. కాబట్టి పెద్దవాళ్లలో ఒకరు ఫోన్ లాకర్‌లో పెట్టి, చెయ్యి చాపితే అందేంత దూరంలో నీళ్లలోనే ఉండాలి. ఎవరి వంతు ఎప్పుడో ముందే మాట్లాడుకోండి. అందరూ చూస్తున్నారనుకున్నప్పుడు ఎవరూ చూడరు.

ప్రశ్న: జనవరిలో నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు వెళ్లాలని ఉంది. నాలుగేళ్ల బాబు చెయ్యి విడిపించుకుని పరుగెడతాడు. తప్పిపోతే? (సికింద్రాబాద్)

జవాబు: ఇంటి దగ్గరే నాలుగు పనులు చేయండి. బయలుదేరే ముందు బాబును ఆ రోజు బట్టలు, చెప్పులతో నిలువెత్తు ఫొటో తీయండి. కంగారులో చొక్కా రంగు గుర్తురాదు. మీ ఫోన్ నంబరు మోచేతి లోపలి వైపు చెరగని మార్కర్‌తో రాయండి. పేరు మాత్రం చొక్కా మీద రాయకండి, పేరు పెట్టి పిలిచేవాళ్ల వెంట పిల్లలు తేలిగ్గా వెళ్తారు. మీ అసలు పేరు వాడితో పలికించండి. అమ్మ పేరేమిటంటే ‘అమ్మ’ అనే పిల్లలే ఎక్కువ. ఇక నాలుగోది, తప్పిపోతే వెతకడానికి వెళ్లకుండా ఉన్నచోటే నిలబడాలని, లేదా దుకాణంలో ఉన్న ఆంటీకి గానీ పోలీసుకు గానీ చెప్పాలని ఇంట్లో ఆటలా రెండుసార్లు ఆడించండి.

నాంపల్లిలో మామూలు రోజుల్లో సాయంత్రం తెరవగానే వెళ్లి దీపాలు వెలిగాక గంటలో తిరిగొస్తే రద్దీ ముదిరే వేళకు మీరు ఇంటి దారిలో ఉంటారు. శని, ఆదివారాలు వద్దు. కనబడకపోతే ఒకరు చివరిసారి చూసిన చోటే కదలకుండా నిలబడాలి, ఇంకొకరు మైకులో చెప్పించడానికి పరుగెత్తాలి. ఇద్దరూ చెరోవైపు వెళ్లడం వల్లే తిరిగొచ్చిన పిల్లాడికి ఎవరూ కనబడరు. పేరుతో పాటు ‘ఎర్ర చొక్కా, నాలుగేళ్ల బాబు’ అని గట్టిగా అరవండి. చుట్టూ ఉన్నవాళ్లకు పేరు పనికిరాదు, రంగు పనికొస్తుంది. పోలీసులకు 112, పిల్లల సహాయానికి 1098.

ప్రశ్న: రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లే దారిలో మా పాప (ఆరేళ్లు) ప్రతిసారీ వాంతి చేసుకుంటుంది. (కొండాపూర్)

జవాబు: లోపలి చెవికి కుదుపు తెలుస్తోంది, ఫోన్ చూస్తున్న కంటికి ఏదీ కదలడం లేదు. ఈ రెంటికీ పొంతన కుదరక కడుపులో తిప్పుతుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా ఇది ఎక్కువ. పొద్దున్నే గ్లాసుడు పాలు తాగించి ఎక్కించడం మానండి. ఖాళీ కడుపూ మంచిది కాదు, గంట ముందు రెండు ఇడ్లీలు చాలు. ఫోన్, బొమ్మల పుస్తకం రెండూ వద్దు. ముందు అద్దంలోంచి దూరపు రోడ్డు కనిపించే చోట, బెల్టు పెట్టి కూర్చోబెట్టండి. కిటికీ కాస్త తెరవండి, కారులో సెంటు సీసా ఉంటే తీసేయండి. గంటకోసారి ఆపి దించండి. మందు వేయాలనుకుంటే మోతాదు పిల్లల డాక్టర్నే అడగాలి. సీటు ముందు జేబులో ఒక తువ్వాలు, జత బట్టలు, పాత ఐస్‌క్రీమ్ డబ్బా ఉంచండి. కవర్ కంటే డబ్బా మేలు, చిరగదు. మూత గట్టిగా పడేది చూసుకోండి.