టెక్ సందేహాలు: పాస్‌బుక్‌లో ఆ 17.70 ఏమిటి?

తిరుచానూరు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ అడుగుతున్నారు: "నాది పెన్షన్ ఖాతా. కిందటేడాది బ్యాంకు యాప్‌లో 'పేపర్ వద్దు, మెయిల్ చాలు' అన్నచోట నొక్కాను. అప్పట్నుంచి పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించలేదు. మొన్న వేయిస్తే 17.70 నాలుగుసార్లు, 236 ఒకసారి, 27.14 రెండుసార్లు, 20 ఒకసారి కట్ అయి ఉన్నాయి. పేపర్ మానేసినందుకేనా ఇవన్నీ? మళ్లీ పాస్‌బుక్‌కే మారిపోనా?"

పేపర్ మానేసినందుకు కాదండి. పాస్‌బుక్ వేయించుకునే రోజుల్లోనూ ఇలాంటివి పడేవి, కాకపోతే అప్పుడు వెంటనే కంటబడేవి.

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. బ్యాంకు ఛార్జీల మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, అందుకే అవి తరచూ ఇలా పైసలతో కనిపిస్తాయి. ఎందుకు కట్ అయిందో తెలియని మొత్తం కనిపిస్తే ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి 1.18తో భాగించి చూడండి, రౌండ్ ఫిగర్ వచ్చిందంటే అది దాదాపుగా ఛార్జీయే. 17.70ని భాగిస్తే 15 వస్తుంది, అది మూడు నెలలకోసారి ఎస్సెమ్మెస్‌లకు తీసుకునేది. 236 అంటే 200, డెబిట్ కార్డు వార్షిక రుసుము. 27.14 అంటే 23, ఉచిత పరిమితి దాటాక ఏటీఎం వాడినందుకు. ఈ 23 రూపాయల గరిష్ఠ పరిమితి 2025 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది, అంతకుముందు 21 ఉండేది. మెట్రో కాని మన తిరుపతి, చిత్తూరు లాంటి ఊళ్లలో వేరే బ్యాంకు ఏటీఎంలో నెలకు 5 సార్లు ఉచితం, కానీ డబ్బు తీయకుండా ఊరికే బ్యాలెన్స్ చూసుకున్నా అది ఒకసారి కిందే లెక్క. పెన్షన్ పడిందా లేదా అని రోజూ ఏటీఎంకి వెళ్లి చూసే పెద్దవాళ్లకు ఈ విషయం ఎవరూ చెప్పరు, అదే నాకు బాధ. బ్యాలెన్స్ చూడటానికి యాప్ ఉంది, లేదంటే బ్యాంకు మిస్డ్ కాల్ నంబరు ఉంది.

ఇక ఆ 20 రూపాయలు ఛార్జీ కాకపోవచ్చు. మే నెలాఖరులోనో జూన్ మొదట్లోనో కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రీమియం, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు వస్తాయి. దాన్ని ఆపించకండి. ఆ బీమా ఉందని ఇంట్లోవాళ్లకు మాత్రం తప్పకుండా చెప్పి పెట్టండి, తెలియకపోతే క్లెయిమ్ ఎవరు చేస్తారు?

ఆ 20 పక్కన పెడితే మీకు ఏడాదిలో పోయింది 361 రూపాయల 8 పైసలు. ఇందులో ఎస్సెమ్మెస్ ఛార్జీ జోలికి వెళ్లొద్దు, మీకు తెలియకుండా ఎవరైనా డబ్బు లాగితే ముందుగా చెప్పేది ఆ మెసేజే. అయితే ఎన్ని మెసేజ్‌లు పంపితే అంతకే తీసుకోవాలని ఆర్‌బీఐ 2013లో బ్యాంకులకు చెప్పింది కాబట్టి, నాలుగుసార్లూ ఒకే మొత్తం ఎందుకు పడిందని బ్రాంచిలో అడగొచ్చు. కార్డు విషయంలో, ఇంతకంటే తక్కువ రుసుముండే మామూలు రూపే కార్డు ఉందేమో కనుక్కోండి. వాడని రెండో కార్డు ఏదైనా ఉంటే యాప్‌లో బ్లాక్ చేసి ఊరుకోకుండా, కార్డు పూర్తిగా క్లోజ్ చేయమని రాసివ్వండి.

పేపరా, పీడీఎఫా అన్నదానికి నేను రెండూ ఉండాలనే చెబుతాను. మా నాన్న చిత్తూరులో ప్రతి నెలా పదో తారీఖున బ్యాంకుకెళ్లి ఎంట్రీ వేయించుకొచ్చి, వరండాలో కూర్చుని ఒక్కో లైనుకూ పెన్సిల్‌తో టిక్కు పెట్టేవారు. నేనే ఆయన్ని ఈ-స్టేట్‌మెంట్‌కి మార్చాను. ఆ తర్వాత ఒకరోజు ఆయన ఫోన్‌లో మెయిల్ తెరిస్తే 14 స్టేట్‌మెంట్లు, ఒక్కటీ చదివినట్టు లేదు. పాస్‌వర్డ్ కొట్టాలి, అక్షరాలు చిన్నవి, జూమ్ చేస్తే లైను తప్పిపోతుంది, ఆయన మాత్రం ఎలా చదువుతారు? ఆ రోజే మళ్లీ పాస్‌బుక్ తీసుకుని బ్రాంచికి తీసుకెళ్లాను.

సేవింగ్స్ ఖాతాదారులకు పాస్‌బుక్ ఇవ్వాలని, దాని ఖర్చు వాళ్ల మీద వేయకూడదని ఆర్‌బీఐ 2006లోనే చెప్పింది. అర్థంకాని పొట్టి అక్షరాలు కాకుండా, ఎందుకు కట్ అయిందో తెలిసేలా వివరం రాయాలని కూడా నిబంధన ఉంది. పాస్‌బుక్ పోతే ఇచ్చే డూప్లికేట్‌కి, పాత స్టేట్‌మెంట్ ప్రింట్‌కి మాత్రం చాలా బ్యాంకులు డబ్బు తీసుకుంటాయి. అక్కడే పీడీఎఫ్ ఉపయోగం తెలుస్తుంది. యాప్‌లో ఏప్రిల్ నుంచి మార్చి వరకు తేదీలు పెట్టి డౌన్‌లోడ్ చేసుకుని, ఏడాదికో ఫైలు చొప్పున దాచుకోండి. చిత్తూరు కేంద్రంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది, మనందరి ఆంధ్రా బ్యాంకు 2020లోనే యూనియన్ బ్యాంకు అయింది. బ్యాంకు పేరు మారినా, యాప్ మారినా మీ దగ్గరున్న ఫైలు మీ దగ్గరే ఉంటుంది. పైగా పీడీఎఫ్‌లో 'GST' అనో 'CHG' (ఛార్జీకి పొట్టి రూపం) అనో ఇంగ్లిషులో వెతికితే ఏడాది ఛార్జీల్లో చాలావరకు నిమిషంలో బయటపడతాయి, పాస్‌బుక్‌లో ఆ సౌకర్యం లేదు.

మీరు మూడు నెలలకోసారి ఎంట్రీ వేయించుకోండి. పాస్‌బుక్ మీద బార్‌కోడ్ అంటించి ఉంటే బ్రాంచి బయటి మిషన్‌లోనే పడిపోతుంది, క్యూ కూడా ఉండదు.

చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి ఒక అబ్బాయి: "చెన్నైలో ఉద్యోగం మానేసి వచ్చి ఏడాదైంది. జీతం కోసం తెరిచిన ప్రైవేటు బ్యాంకు ఖాతాలో ఇప్పుడు మైనస్ 2,800 చూపిస్తోంది. కట్టాలా? సిబిల్ దెబ్బతింటుందేమోనని టెన్షన్‌గా ఉంది."

తొందరపడి కట్టేయకు తమ్ముడూ. కొన్ని నెలలు జీతం పడకపోతే శాలరీ ఖాతాను బ్యాంకు మామూలు ఖాతాగా మార్చేస్తుంది, అక్కడి నుంచి మినిమమ్ బ్యాలెన్స్ లేదని ఛార్జీ మొదలవుతుంది. అయితే 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నిబంధన ప్రకారం, ముందు నీకు ఎస్సెమ్మెస్, మెయిల్ లేదా ఉత్తరం ద్వారా చెప్పి కనీసం నెల గడువివ్వాలి, బ్యాలెన్స్ ఎంత తగ్గిందో దాన్నిబట్టే ఛార్జీ ఉండాలి, కేవలం ఈ ఛార్జీ వల్ల ఖాతా మైనస్‌లోకి వెళ్లకూడదు. ముందు స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి ఆ 2,800లో ఏముందో చూడు. అందులో ఈఎంఐ బౌన్స్ లాంటివి ఉంటే లెక్క వేరు. అంతా మినిమమ్ బ్యాలెన్స్‌దే అయితే ఈ నిబంధన రాసి, ఛార్జీలు తీసేసి ఖాతా మూసేయమని బ్యాంకుకి మెయిల్ పెట్టు. ఫోన్‌లో మాట్లాడి వదిలేయకు, రాతలో ఉండాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు. ఎలా చేయాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేస్తే చెబుతారు.

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి: "స్టేట్‌మెంట్ ప్రింట్ కోసం జెరాక్స్ షాపువాళ్లకు వాట్సాప్‌లో పంపి, పాస్‌వర్డ్ కూడా చెబుతున్నాను. ఫరవాలేదా?"

వద్దండి. చాలా బ్యాంకుల పాస్‌వర్డ్‌లో మీ పుట్టిన తేదీ, మొబైల్ నంబరు అంకెలు ఉంటాయి, అంటే ఫైలుతో పాటు అవీ ఇచ్చేస్తున్నట్టే. ఇంట్లో కంప్యూటర్ ఉంటే క్రోమ్‌లో పాస్‌వర్డ్ కొట్టి తెరిచి, ప్రింట్ నొక్కి, 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఎంచుకుంటే పాస్‌వర్డ్ లేని కాపీ వస్తుంది. అందులో కావాల్సిన పేజీలు మాత్రమే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. పీడీఎఫ్ లాక్ తీస్తామనే వెబ్‌సైట్లలో బ్యాంకు కాగితాలు పెట్టకండి. తప్పనిసరై షాపులోనే తెరవాల్సి వస్తే పక్కనే నిలబడి పాస్‌వర్డ్ మీరే కొట్టండి, ప్రింట్ రాగానే వాళ్ల డౌన్‌లోడ్స్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి, వాట్సాప్ చాట్‌లోంచి ఫైలు తీసేయించాకే బయటికి రండి.