ఎక్స్‌రే గదంటే భయమా, ‘టెక్నీషియన్’ అన్న మాటంటేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. నీట్‌లో సీటొచ్చేలా లేదు. బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీ (ఎక్స్‌రే, స్కానింగ్‌లు తీసే కోర్సు) చేస్తానంటోంది. రేడియేషన్ వల్ల రేపు పెళ్లికి, పిల్లలకు ఇబ్బందని ఇంట్లో భయం. ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) అయితే పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది, బంధువులకు చెప్పుకోవడానికీ బాగుంటుంది. ఏది మేలు?
– ఒక తండ్రి, నల్గొండ

జవాబు: ఫలితాలు రాగానే ఏటా ఈ ఉత్తరం వస్తుంది. ఊరు మారుతుంది, భయం మాత్రం ఇదే.

ఎక్స్‌రే మిషన్ బటన్ నొక్కినంతసేపే కిరణాలు. లైటు ఆర్పితే వెలుతురు పోయినట్టు, ఆ తర్వాత గదిలో ఏమీ మిగలదు. నొక్కేవాళ్లు సీసపు అడ్డం వెనకాల ఉంటారు. ఛాతీ దగ్గర టీఎల్‌డీ బ్యాడ్జి, అంటే ఒంటికి తగిలిన రేడియేషన్‌ను నమోదుచేసే చిన్న బిళ్ల, ఉంటుంది. మూడు నెలలకోసారి దాన్ని పంపిస్తే ఎంత డోసు పడిందో లెక్క వస్తుంది. మన దేశంలో హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ డోసు కొలత), ఏ ఒక్క ఏడూ 30 దాటకూడదు. పద్ధతిగా నడిచేచోట మామూలు ఎక్స్‌రే పనిలో పడేది అందులో కొద్దిగానే. గర్భం వస్తే చెప్పాలి, దానికి తగ్గట్టు డ్యూటీ మారుస్తారు. ఎంఆర్‌ఐలో అసలీ కిరణాలే ఉండవు. బ్యాడ్జి ఇవ్వకుండా పనిచేయించుకునే సెంటర్లున్నాయి చూడండి, భయపడాల్సింది వాటికి.

ఇక ఫార్మ్‌డీ. ఆరేళ్లు. నాకు మొదటినుంచీ దీనిమీద అనుమానమే. వార్డులో డాక్టర్ల పక్కన నిలబడి మందుల గురించి మాట్లాడతామనుకుని చేరతారు. ఆ ఉద్యోగాలు మన ఆసుపత్రుల్లో ఎన్నున్నాయి? నా దగ్గరికొచ్చిన పిల్లల్లో చాలామంది చివరికి మందుల దుష్ప్రభావాల లెక్కలు చూసే ఫార్మకోవిజిలెన్స్ కంపెనీల్లో కంప్యూటర్ ముందు తేలారు. చెడ్డ పని కాదు, కానీ వాళ్లు చేరింది దానికోసం కాదు. పేరు ముందు రెండక్షరాల కోసం పిల్ల ఆరేళ్లు ఖర్చుపెట్టాలా? పెళ్లిళ్లలో చెప్పుకునేది మీరు, చదవాల్సింది తను. కోపం తెచ్చుకోకండి గానీ, ఇంత ఉత్తరంలో అమ్మాయికి ఆ పనెందుకు నచ్చిందో ఒక్క ముక్క లేదు.

ఇమేజింగ్‌లోనూ మొదట్లో జీతం తక్కువే, నైట్ డ్యూటీలు తప్పవు. ఆరునెలల సర్టిఫికెట్ల జోలికి పోకండి. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ గుర్తింపు ఉందా, కాలేజీ ఆసుపత్రిలో సీటీ, ఎంఆర్‌ఐ సొంతంగా ఉన్నాయా, పిల్లల్ని వాటిమీద చెయ్యి వెయ్యనిస్తారా అడగండి. విదేశాలకు పంపిస్తామని కాలేజీవాళ్లు చెప్పే మాట నమ్మి ఫీజు కట్టొద్దు. యూకే సంగతే చూడండి, అక్కడి నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీలో రిజిస్ట్రేషన్ కావాలి, అది కాలేజీ చేతిలో ఉండదు.

తెలిసిన ఆసుపత్రి ఉంటే అమ్మాయిని ఒక పూట ఎక్స్‌రే విభాగం దగ్గర కూర్చోబెట్టండి. తుంటి విరిగిన ముసలాయనను స్ట్రెచర్ మీద తెస్తారు. కదిలిస్తే అరుస్తాడు, కదిలించకపోతే ఫిల్మ్ రాదు. “తాతా, ఒక్క నిమిషం” అంటూ కాలు ఎలా సర్దుతారో చూడనివ్వండి. తర్వాత మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.