పాత డీసీ-3కి టర్బోప్రాప్ బిగించడమంటే ఇంజన్ మార్చడమేనా?

పాత డీసీ-3 విమానంలో పిస్టన్ ఇంజన్లు తీసేసి టర్బోప్రాప్ ఇంజన్లు (ప్రొపెల్లర్‌ను తిప్పే టర్బైన్ ఇంజన్లు) బిగిస్తే చాలదా, మిగతా మార్పులన్నీ ఎందుకు అని అడిగారు. కెనడాలో ఈ రెండు రకాల ఇంజన్ల మీదా పనిచేసిన మెకానిక్‌గా నాకు తెలిసింది చెబుతాను.

డకోటాల్లో (డీసీ-3లకు ఉన్న మరో పేరు) ఉండేది, సిలిండర్లు చుట్టూ వృత్తంలా అమర్చిన 14 సిలిండర్ల ట్విన్ వాస్ప్ ఇంజన్. ఒకప్పుడు బేగంపేట నుంచి దక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవీ ఈ విమానాలే. రాత్రంతా ఆగి ఉన్న ఈ ఇంజన్‌లో ఆయిల్ కింది సిలిండర్లలోకి దిగుతుంది. అది గమనించకుండా స్టార్టర్ నొక్కితే, ఆయిల్ నొక్కినా కుదించుకోదు కనుక, పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. అందుకని ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో మెల్లగా తిప్పి చూసి, ఎక్కడైనా బిగుసుకున్నట్టు అనిపిస్తే కింది స్పార్క్ ప్లగ్గులు విప్పి ఆయిల్ కార్చేస్తాం. గడ్డకట్టే చలిలో దీనికి తోడు ఇంజన్‌కు గుడ్డ కప్పి, హీటర్ పెట్టి చాలాసేపు వెచ్చబెట్టాలి. టర్బోప్రాప్‌తో ఈ చాకిరీ చాలావరకు తప్పుతుంది.

అమెరికాలోని ఆష్‌కాష్‌లో బాస్లర్ సంస్థ డీసీ-3ని బీటీ-67గా మారుస్తుంది. అందులో బిగించే పీటీ6ఏ-67ఆర్ ఇంజన్ పాతదానికన్నా ఎక్కువ శక్తినిస్తుంది, బరువు మాత్రం అందులో సగం కూడా ఉండదు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రెక్కల ముందు అంత బరువు తగ్గితే విమానం గరిమనాభి (మొత్తం బరువు తూగి నిలిచే బిందువు) వెనక్కి జరుగుతుంది. దాన్ని సరిదిద్దడానికి ఇంజన్‌ను ఇంకా ముందుకు జరిపి, రెక్కల ముందు భాగంలో విమానం ఒడలిని సుమారు ఒక మీటరు పొడిగిస్తారు. దానివల్ల సరుకుకు చోటు కూడా పెరుగుతుంది. ఆపై నిర్మాణాన్ని బలపరచి, రెక్కల ముందంచులనూ కొసలనూ మార్చి, కాక్‌పిట్ పరికరాలు కొత్తవి పెడతారు. ఇంజన్ మార్పు ఈ పనిలో ఒక భాగం మాత్రమే.

లోపమూ ఉంది. డీసీ-3 క్యాబిన్‌లో గాలి పీడనం నిలిపే ఏర్పాటు లేదు కనుక, టర్బైన్ పొదుపుగా నడిచే ఎత్తులకు ప్రయాణికులతో ఎక్కడం కుదరదు. తక్కువ ఎత్తులో అది ఇంధనం బాగా తాగుతుంది. అయినా మారుమూల చోట్ల పిస్టన్ ఇంజన్లకు కావలసిన ఏవ్‌గ్యాస్ (విమాన పెట్రోలు) దొరకడమే కష్టం, జెట్ ఇంధనమైతే దాదాపు ప్రతిచోటా ఉంటుంది. జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెగనర్ ఇన్‌స్టిట్యూట్ ధ్రువ పరిశోధనకు బీటీ-67లనే వాడుతోంది. మంచు మీద స్కీలతో దిగి, అంత బరువు మోసే విమానాలు కొత్తవాటిలో అరుదు. నగరాల మధ్య ప్రయాణికుల సర్వీసు మీ ఉద్దేశమైతే మాత్రం, ఈ మార్పిడి మీద డబ్బు పెట్టమని నేను చెప్పను.