బుజ్జీ, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు

బుజ్జీ,

నిన్న రాత్రి నువ్వు పంపిన రెండు ఆఫర్లూ, పొగలోని కార్బన్‌ని పట్టి దాచే ప్రాజెక్టుదీ, ఆయిల్ ప్లాంట్‌దీ, చదివా. మీ అమ్మ అప్పటికే కాకినాడ నించి మూడుసార్లు ఫోన్ చేసింది, "తమ్ముడూ, దానికి ఏదో ఒకటి చెప్పరా, జీతం ఎక్కువ ఇచ్చేదాంట్లో చేరమను" అని. జీతం సంగతి తర్వాత చూద్దాం అక్కా, ముందు ఆ ఉద్యోగం దేని మీద నిలబడిందో చూడాలి అని చెప్పా, నీకూ అదే చెప్తున్నా. ఫోన్‌లో అయితే సగం విని సగం వదిలేస్తావ్ అందుకే రాస్తున్నా. ఇవాళ ఇక్కడ కెనడాలో, మా కాల్గరీలో మైనస్ 27, బయటికి పోయే పనేం లేదు, కాస్త పొడుగ్గానే వస్తుంది, ఓపిక పట్టు.

"గవర్నమెంటే ఇక్కడ ఆయిల్‌ని చంపేస్తోందంట కదా మావయ్యా, ఫ్యూచర్ లేదంట కదా" అన్నావ్. నేను 2006లో ఇక్కడ దిగినప్పటి నించీ వింటున్న మాటే ఇది, నాకన్నా ముందొచ్చినోళ్లు 1980 నించీ విన్నారు. అప్పట్లో పెద్ద ట్రూడో, అదే 2025 దాకా ప్రధానిగా ఉన్న చిన్న ట్రూడో నాన్న, నేషనల్ ఎనర్జీ ప్రోగ్రామ్ అని తెచ్చాడు, మా ఆల్బర్టా రాష్ట్రం ఆయిల్ ప్రపంచ రేటుకన్నా తక్కువకి దేశానికి అమ్మాలి, పన్నులు ఒట్టావాకి, అంటే కేంద్రానికి, కట్టాలి అని. నా మొదటి బాస్ ఆ రోజుల్లో కుర్రాడు, ఇళ్లు బ్యాంకులకి వదిలేసి వెళ్లిపోయినోళ్ల కథలు చెప్పేవాడు, కోపం ఇంకా చల్లారలేదు ఆయనకి. 1985కల్లా దాన్ని ఎత్తేశారు గానీ ఆ పేరెత్తితే ఇక్కడి ముసలాళ్లు ఇప్పటికీ పళ్లు నూరతారు. నువ్వు ఆఫీసులో చేరాక లంచ్ దగ్గర ఈ గొడవ వస్తుంది, ఊరికే విను, ఏ పక్కా మాట్లాడకు, కొత్త కోడలు అత్తారింట్లో ఆస్తి తగాదాలో తలదూర్చినట్టు ఉంటుంది.

నా లెక్క ఏంటంటే ఆ మాట సగం నిజం. మిగతా సగం కంపెనీలు తమ తప్పులు కప్పుకోడానికి చెప్పుకునేది. 2014లో బ్యారెల్ 100 డాలర్ల పైన ఉన్న రేటు 2016 మొదట్లో 30 కిందకి పడిపోయింది, అది ఒట్టావా చేసిన పని కాదు, అమెరికాలో రాతిపొరలు పగలగొట్టి తీసే షేల్ ఆయిల్ ముంచెత్తింది, సౌదీ వాళ్లు ఉత్పత్తి తగ్గించం అన్నారు. పడటం మొదలైనప్పుడు ఒట్టావాలో ప్రధాని హార్పర్, ఆల్బర్టాలో నలభై ఏళ్లకి పైగా పాతుకుపోయిన కన్జర్వేటివ్‌లు, ఇద్దరూ ఆయిల్ వాళ్ల మనుషులే. ఇంకోటి చూడు, చిన్న ట్రూడో ఉన్న పదేళ్లలో ఉత్పత్తి తగ్గలేదు, పెరిగింది, 2024కి రోజుకి 50 లక్షల బ్యారెళ్లు దాటింది. తగ్గింది ఉద్యోగాలు. మైన్‌లో ఒక్కో ట్రక్కు రెండంతస్తుల ఇల్లంత ఉంటుంది, ఇప్పుడు చాలావాటికి డ్రైవరే లేడు, అదే వెళ్లి అదే వస్తుంది. దానికి ఏ పార్టీని తిడతాం?

నిజమైన సగం ఏంటంటే పైప్‌లైన్లు. ఇది నువ్వు బాగా అర్థం చేసుకోవాలి, నీ రెండు ఆఫర్లూ చివరికి దీని మీదే ఆధారపడ్డాయి.

ఆల్బర్టా ఉత్తరాన ఫోర్ట్ మెక్‌ముర్రే దగ్గర ఇసుకలోంచి తీసే చిక్కటి ఆయిల్, బిట్యుమెన్ అంటారు, మన కేజీ బేసిన్ క్రూడ్‌లా పారదు, చలికాలం బెల్లం పాకంలా కదలకుండా కూర్చుంటుంది, కండెన్సేట్ అనే పలచటి తేలిక ఆయిల్ కలిపితేనే పైపులో కదులుతుంది, అందుకు పైపులో మూడో వంతు దాకా చోటు పోతుంది. సరే కలిపాం, పంపేది ఎక్కడికి? చాలాకాలం నూటికి తొంభైకి పైగా అమెరికాకే. మీ భీమవరం పెదనాన్నని అడుగు, కొనేవాడు ఒక్కడే అయితే రేటు ఎవడు చెప్తాడో. 2025లో ట్రంప్ మన రొయ్యల మీద సుంకం వేసినప్పుడు చెరువుల దగ్గర ఎలా గోలెత్తిందో, ఇక్కడ ఆయిల్ వాళ్లకి అది ఏళ్ల తరబడి ఉన్న బతుకు. 2018 చివర్లో ఇక్కడి చిక్కటి ఆయిల్ రేటుకీ, వెస్టర్న్ కెనడియన్ సెలెక్ట్ అంటారు దాన్ని, అమెరికా రేటుకీ తేడా 40 డాలర్లు దాటిపోయింది. తవ్విన సరుకుకి దారి లేక, పోనీ తవ్వకం తగ్గించండి అని ఆల్బర్టా ప్రభుత్వమే ఆర్డర్ వేసింది, 2019 జనవరి నించి రోజుకి 3 లక్షల 25 వేల బ్యారెళ్లు ఆపేశారు. వేసింది ఎవరు? అప్పటి ప్రీమియర్ నోట్లీ, ప్రీమియర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటిది, ఎన్డీపీ అనే వామపక్ష పార్టీ ఆవిడ. ఆయిల్ కంపెనీల్లో కొందరు దండం పెట్టారు, కొందరు కోర్టుకెళ్తామన్నారు.

దారులు ఎలా పోయాయో చూడు. నార్తర్న్ గేట్‌వే అనే పైప్‌లైన్‌ని 2014లో హార్పర్ ఓకే చేశాడు, 2016లో కోర్టు కొట్టేసింది, ఫస్ట్ నేషన్స్, అంటే ఇక్కడి ఆదివాసీ తెగల వాళ్లతో సరిగ్గా సంప్రదించలేదని, ఆ ఏడాది నవంబర్లో ట్రూడో పూర్తిగా కాదన్నాడు. ఎనర్జీ ఈస్ట్ 2017లో కంపెనీయే వదిలేసింది. కీస్టోన్ ఎక్స్ఎల్ సంగతి ఇంకా ఘోరం, ఒబామా కాదన్నాడు, ట్రంప్ అవునన్నాడు, బైడెన్ కుర్చీ ఎక్కిన రోజే 2021 జనవరి 20న రద్దు చేశాడు, ఈలోగా ఆల్బర్టా అందులో జనం సొమ్ము పెట్టి వంద కోట్ల డాలర్ల పైన పోగొట్టుకుంది. పసిఫిక్ తీరానికి దారిగా మిగిలింది ట్రాన్స్ మౌంటెన్ ఒక్కటి. దాన్ని కట్టలేమని కంపెనీ చేతులెత్తేస్తే 2018లో ప్రభుత్వమే 450 కోట్ల డాలర్లకి కొని, మొదట 540 కోట్లతో అయిపోతుందన్న విస్తరణని 3,400 కోట్లకి లాగి 2024 మేలో పూర్తి చేసింది. పోలవరం చూసినోళ్లం మనకిది కొత్తేం కాదులే. కానీ కట్టాక చూడు, రోజుకి 8 లక్షల 90 వేల బ్యారెళ్ల దాకా బర్నబీ తీరం వైపు పంపొచ్చు, చైనా వాడూ కొంటున్నాడు, 2018 నాటి ఆ 40 డాలర్ల తేడా 2025లో పది పదిహేను చుట్టుపక్కలే ఉంది. ఒక్క పైపు తల్లీ. అందుకే అంటున్నా, ఇక్కడ భూమిలో ఎంతుంది అని ఎవడూ అడగడు, గేటు తాళం ఎవడి దగ్గరుంది అనే అడుగుతారు.

గనులు రాష్ట్రానివి, అది రాజ్యాంగంలోనే ఉంది. రాష్ట్రం సరిహద్దు దాటిన పైపు, సముద్రం, చేపలు, ఫెడరల్ వాళ్లవి. ఆ రెంటి మధ్యలో నీలాంటోళ్ల ఉద్యోగం. 2019లో సీ-69 అని బిల్లు పాస్ చేశారు, పెద్ద ప్రాజెక్టుల పర్యావరణ పరిశీలన కోసం, ఇక్కడోళ్లు దానికి "నో మోర్ పైప్‌లైన్స్ యాక్ట్" అని పేరు పెట్టారు. 2023 అక్టోబర్లో సుప్రీంకోర్టు దాంట్లో చాలా భాగం ఫెడరల్ పరిధి దాటిందని చెప్పింది, మళ్లీ సవరించారు. నా బాధ ఆ చట్టం కఠినంగా ఉందని కాదు, నాలుగేళ్ల పాటు రూల్ ఏంటో ఎవడికీ తెలీలేదు. కఠినమైన రూల్‌కి డిజైన్ మార్చుకుంటాం, మారుతూ ఉండే రూల్‌కి ఏం డిజైన్ చేస్తాం?

నా కథ నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. 2013లో ఒక ఆయిల్ శాండ్స్ విస్తరణ ప్రాజెక్టులో చేరా, కంపెనీ పేరు అనవసరం. పాత ఉద్యోగం కన్నా 30 శాతం ఎక్కువ, కాంట్రాక్ట్, డౌన్‌టౌన్‌లో ఇరవయ్యో అంతస్తు, కిటికీలోంచి రాకీ కొండలు. పైప్‌లైన్ వచ్చేస్తుంది, మనం ఆయిల్ తయారుగా ఉంచాలి అన్నది ప్లాన్, ఆ "వచ్చేస్తుంది" అన్నమాట ఏ కాగితంలో రాసుందని నేను అడగలేదు. మూడేళ్లు డ్రాయింగులు గీశాం. 2016 ఫిబ్రవరి, ఒక బుధవారం పొద్దున్న పదింటికి మా ఫ్లోర్ మొత్తాన్ని ఒకే మీటింగ్‌కి పిలిచారు, పదకొండుకల్లా అట్టపెట్టెలో మగ్గు, కాలిక్యులేటర్, మీ అత్తయ్య ఇచ్చిన వినాయకుడి బొమ్మ పెట్టుకుని పార్కింగ్‌లో నించున్నా. తొమ్మిది నెలలు ఖాళీ. ఆ మేలోనే ఫోర్ట్ మెక్‌ముర్రే తగలబడింది, ఎనభై వేల మందికి పైగా ఊరు ఖాళీ చేశారు, మన గోదావరి కుర్రాళ్లు నలుగురు మా ఇంట్లో బేస్‌మెంట్‌లో పడుకున్నారు, ఉద్యోగం లేని నేను, ఇల్లు లేని వాళ్లు, పప్పుచారుతో గడిపేశాం. ఇక్కడ ఒక పాత బంపర్ స్టిక్కర్ ఉంది, దేవుడా ఇంకొక్క ఆయిల్ బూమ్ ఇయ్యి, ఈసారి తగలెయ్యను అని, అప్పుడర్థమైంది నాకు అది జోక్ కాదని.

ఇప్పుడు నీ ఆఫర్లు. మొదటిది కాల్గరీలో, కార్బన్ క్యాప్చర్, అదే పొగలోని కార్బన్‌ని పట్టి భూమిలో దాచే ప్రాజెక్టు డిజైన్, జీతం ఎక్కువ. కాగితం మీద బ్రహ్మాండం, దేశం మొత్తం వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల్లో 30 శాతం దగ్గర ఆయిల్ గ్యాస్ వాళ్లవే కాబట్టి ఇది చెయ్యక తప్పదు కూడా. కానీ ఆ ప్రాజెక్టుకి డబ్బు ఎలా వస్తుందో ఆలోచించు. అది అమ్మేది ఆయిల్ కాదు, గాలిలోకి వదలకపోవడాన్ని. దాని రేటు మొత్తం ప్రభుత్వం చెప్పిందే. ఎడ్మంటన్ దగ్గర క్వెస్ట్ అనే క్యాప్చర్ ప్లాంట్ 2015 నించి నడుస్తోంది, బాగానే నడుస్తోంది, కట్టిన ఖర్చులో సగానికి పైగా ప్రభుత్వాలే పెట్టాయి. పరిశ్రమల కార్బన్ రేటుని ఆల్బర్టా 2025 మేలో టన్నుకి 95 డాలర్ల దగ్గర ఆపేసింది, కానీ కార్బన్ తగ్గించినోళ్లకి వచ్చే క్రెడిట్లు బయట మార్కెట్లో ఆ ఏడాది అందులో సగం కూడా పలకలేదు. మామూలు జనం బంకులో కట్టే కార్బన్ ట్యాక్స్‌ని ట్రూడో తర్వాత ప్రధాని అయిన కార్నీ వచ్చీ రాగానే 2025 ఏప్రిల్ 1 నించి తీసేశాడు, అది వేరు ఇది వేరు, కలిపేసుకోకు, ఇంటర్వ్యూలో చాలామంది అక్కడే దొరికిపోతారు. తర్వాత 2025 నవంబర్ 27న కార్నీ, ఇక్కడి ప్రీమియర్ డేనియెల్ స్మిత్ కాల్గరీలో ఒప్పందం మీద సంతకాలు పెట్టారు, ఉద్గారాల మీద పరిమితి పెట్టము, పసిఫిక్ తీరానికి రోజుకి 10 లక్షల బ్యారెళ్ల పైపుకి మద్దతిస్తాం, కార్బన్ రేటు 130కి పెంచుదాం, కార్బన్ క్యాప్చర్ కట్టండి అని, పైపుకీ క్యాప్చర్‌కీ ముడేశారు. అంటే ఒకటి ఆగితే రెండోదీ కుంటుతుంది. బ్రిటిష్ కొలంబియా ప్రీమియర్ ఆ పైపు వద్దంటున్నాడు, ఉత్తర తీరంలో పెద్ద ట్యాంకర్ల మీద 2019 నాటి నిషేధం ఉంది, తీరంలో ఫస్ట్ నేషన్స్ చాలామంది ఒప్పుకోవట్లేదు. నీ ఆఫర్‌లో ఆ జీతం ఎక్కువ ఎందుకుందో ఇప్పుడు తెలిసిందా, అందులో రిస్క్ డబ్బులు కలిపిచ్చారు.

చేరొద్దు అనట్లేదు. చేరితే నాలుగు ముక్కలు అడిగి చేరు. ఫైనల్ ఇన్వెస్ట్‌మెంట్ డెసిషన్, అంటే డబ్బు పెట్టి కట్టేస్తాం అన్న ఆఖరి నిర్ణయం, అయ్యిందా, ఎఫ్ఐడీ అంటారు, మొహమాటపడకు, అది అడిగిన పిల్లని తెలివైనది అనుకుంటారు గానీ తప్పుపట్టరు. కాకపోతే ఆ లోపు నా జీతం ఏ బడ్జెట్ నించి అని అడుగు. ఫస్ట్ నేషన్స్‌కి వాటా ఉందా అనేది కూడా, ఇది మర్యాదకి కాదు, బ్రిటిష్ కొలంబియా తీరంలో కిటిమాట్ దగ్గర సీడార్ ఎల్ఎన్‌జీ అనే గ్యాస్ ప్రాజెక్టులో అక్కడి హైస్లా నేషన్‌కి సగానికి పైగా వాటా ఉంది, 2024లో ఎఫ్ఐడీ అయిపోయింది. వాళ్లని పక్కన కూర్చోబెట్టుకున్న ప్రాజెక్టు ముందుకెళ్తుంది, వాళ్ల మీదుగా వెళ్దామన్నది కోర్టుకెళ్తుంది, ఇరవై ఏళ్లలో నేను చూసింది ఇదే.

రెండోది ఫోర్ట్ మెక్‌ముర్రేకి దక్షిణాన శాగ్‌డీ ప్లాంట్, అంటే భూమిలోకి ఆవిరి పంపి బిట్యుమెన్ కరిగించి తీసేది, పద్నాలుగు రోజులు క్యాంప్, పద్నాలుగు రోజులు ఇల్లు, జీతం కాస్త తక్కువ, మీ అమ్మకి నచ్చదు, ఆడపిల్ల అడవిలో క్యాంపులో ఏంటి అంటుంది. క్యాంపు గదికి తాళం ఉంటుంది, జిమ్ ఉంటుంది, తిండి చప్పగా ఉంటుంది, కారప్పొడి సీసా నేనిస్తా. విషయం ఏంటంటే ఆ ప్లాంట్ ఇవాళ ఆవిరి పంపుతోంది, ఇవాళ ఆయిల్ తీస్తోంది. రేటు పడినా ప్రభుత్వం మారినా ఆవిరి ఆపేస్తే భూమి లోపల వేడి పోతుంది, అందుకని అంత తేలిగ్గా ఆపరు. కోవిడ్‌కి రేటు కూలిన 2020లో కూడా చాలాచోట్ల తగ్గించారు గానీ పూర్తిగా మూసినవి తక్కువే. పైగా రేపు కార్బన్ రేటు పెరిగితే ఆవిరి తక్కువతో ఆయిల్ తీసే ఇంజనీర్‌కి గిరాకీ, పెరక్కపోయినా గ్యాస్ ఖర్చు మిగులుతుంది కాబట్టి గిరాకీ. ఎటు తిరిగినా పనికొచ్చే విద్య అది.

ఇంకో మాట, నీ వర్క్ పర్మిట్ మూడేళ్లు. పీఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండడానికి, ఏడాది స్కిల్డ్ అనుభవం కావాలి, పీ.ఇంజ్ అనే ఇంజనీర్ లైసెన్స్‌కి నాలుగేళ్లు లెక్క చూపించాలి. ఎనిమిదో నెల్లో ప్రాజెక్టు ఆగిపోతే నీకు పోయేది జీతం ఒక్కటే కాదు. నాకు అప్పటికి పౌరసత్వం ఉంది, ఇల్లుంది, మీ అత్తయ్య ఉద్యోగం ఉంది, అయినా ఆ తొమ్మిది నెలలు నిద్ర పట్టలేదు.

నేనైతే రెండోది తీసుకుని రెండేళ్లు చేసి అప్పుడు క్యాప్చర్ వైపు వస్తా, ప్రాజెక్టు నిజంగా కదిలితే ప్లాంట్ తెలిసినోళ్లని వాళ్లే వెతుక్కుంటూ వస్తారు. కానీ నీ ఇష్టం, నువ్వు ఒప్పుకోకపోతే గొడవపడదాం, నాకూ టైమ్‌పాస్.

శుక్రవారంలోపు చెప్పాలన్నావ్ కదా, సోమవారం దాకా టైమ్ అడుగు, ఇస్తారు. మొదటి ఆఫర్‌లో తొమ్మిదో పేజీ, టెర్మినేషన్ క్లాజ్, దాన్ని స్క్రీన్‌షాట్ కాకుండా మొత్తం పీడీఎఫ్ పంపు, కింద చిన్న అక్షరాలు కట్ అయిపోయాయి. హెచ్‌2ఎస్ అనే విషవాయువు నించి బయటపడటం నేర్పే హెచ్‌2ఎస్ అలైవ్ ట్రైనింగ్ ఒక్కరోజే, ఏ ఉద్యోగమైనా ఫీల్డ్‌కి అది కావాలి, వచ్చే శనివారం స్లాట్ ఉంటే బుక్ చేసుకో, డబ్బులు నేను కడతా. అక్కకి మాత్రం క్యాంప్ సంగతి నువ్వే చెప్పు, నేను చెప్పను.

మావయ్య