యూరిక్ యాసిడ్ రిపోర్టు చూసి పప్పు మానేసిన మేనల్లుడికి

శ్రీకాకుళం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ 8.1 వచ్చిందనీ, ఆనాటి నుంచి పప్పు, టమాటా, పాలకూర ముట్టడం లేదనీ మీ అమ్మ చెప్పింది. నేను వైద్యుణ్ణి కాను. అయినా మందుల దుకాణంలో ఇన్నేళ్లు కూర్చున్నవాణ్ణి గనుక ఈ విషయంలో జనం ఎక్కడ దారి తప్పుతారో చూశాను.

శరీరంలోని కణాలు పాతబడి విడిపోయినప్పుడూ, తిన్న ఆహారం అరిగినప్పుడూ వెలువడే ప్యూరిన్లు అనే పదార్థాలు చివరకు యూరిక్ యాసిడ్‌గా మారతాయి. అందులో సుమారు మూడింట రెండు వంతులను మూత్రపిండాలు, మిగిలినదాన్ని పేగులు బయటికి పంపుతాయి. చాలామందిలో అది పెరగడానికి అసలు కారణం తిండి ఎక్కువ కావడం కాదు, మూత్రపిండాలు దాన్ని తగినంత పంపలేకపోవడం. డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది రక్తంలో పూర్తిగా కరిగి ఉండలేదు. సూదుల వంటి స్ఫటికాలుగా కీళ్లలో పేరుకుంటుంది. పోయిన నెల అర్ధరాత్రి నీ కాలి బొటనవేలు ఎర్రబడి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంతగా సలిపిందన్నావు కదా, అది గౌట్ అనే కీళ్ల జబ్బు కావచ్చు. నొప్పి ఎన్నడూ రానివారికి అంకె కాస్త పెరిగినంత మాత్రాన సాధారణంగా మందు అవసరం ఉండదు.

నువ్వు ఉద్దానం వాడివి గనుక ముందుగా మూత్రపిండాల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ అనే రక్తపరీక్ష, మూత్ర పరీక్ష చేయించు. కవిటి, సోంపేట, మందస ప్రాంతాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో నీకు నేను చెప్పనక్కరలేదు. అటువంటి చోట డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలను చీటీ లేకుండా కొని వారాల తరబడి మింగడం యూరిక్ యాసిడ్ కన్నా పెద్ద ప్రమాదం. దుకాణదారు అడగగానే ఇస్తాడు. ఇచ్చాడు కదా అని అది మంచిదనుకోకు.

తిండి సంగతి. పప్పులు, ఆకుకూరలు గౌట్‌ను పెద్దగా పెంచవని తేలింది గనుక వాటిని నిశ్చింతగా తిను. తగ్గించవలసినవి మేక కార్జం, నెత్తళ్లు, ఎండుచేపలు, రొయ్యలు, తియ్యటి కూల్‌డ్రింకులు. బీరు, కల్లు, సారా ఏదైనా మద్యమే, మానడమే మేలు. కొబ్బరితోటలో ఎండలో పనిచేసే రోజుల్లో దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండు. కిడ్నీ జబ్బు ఉందని తేలితే మాత్రం ఎంత తాగాలో డాక్టరునే అడుగు. బరువు మెల్లగా తగ్గు, కటిక ఉపవాసాలు చేస్తే యూరిక్ యాసిడ్ ఇంకా పెరుగుతుంది. ఇంత పథ్యం చేసినా అంకె కొంతే దిగుతుంది, అందుకు నిరాశపడకు.

నొప్పి ఏడాదికి రెండు మూడుసార్లు తిరగబెడితే డాక్టరు అల్లోప్యూరినాల్ వంటి మందు మొదలుపెట్టవచ్చు. దాన్ని తక్కువ మోతాదుతో ఆరంభించి, రక్తంలో యూరిక్ యాసిడ్ 6 కన్నా తగ్గేవరకు మెల్లగా పెంచుతారు. మొదటి నెలల్లో నొప్పి మళ్లీ రావచ్చు. పేరుకున్న స్ఫటికాలు కరగడం మొదలైనప్పుడు అలా జరుగుతుంది. మందు పనిచేయడం లేదని మానేసేవారు అక్కడే మానేస్తారు. అయితే ఒంటి మీద దద్దుర్లు లేస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, అందులో ఆలస్యం పనికిరాదు. నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు తీసిన రక్తంలో అంకె మామూలుగా కనిపించే అవకాశం ఉంది గనుక నొప్పి తగ్గిన రెండు వారాలకు మళ్లీ పరీక్ష చేయించాలి.

బీపీకి నువ్వు వేసుకునే మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంటే అది కూడా యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. నీ అంతట నువ్వు మానకు. వచ్చే సోమవారం రిమ్స్ ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆ మాత్రల అట్ట, పాత రిపోర్టులన్నీ సంచిలో పెట్టుకుని రా. ఓపీ చీటీ దగ్గర నేనుంటాను.

మీ మావయ్య