తోట అమ్మిన డబ్బుతో హౌసింగ్ లోన్ కట్టేయాలా?

ప్రశ్న: మాది రావులపాలెం. నాకు 36 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 16 వేలు. మావారికి 41. పదిహేనేళ్లుగా ఒక ఫైనాన్స్ కంపెనీలో వసూళ్ల పని, జీతం 48 వేలు. ఎనిమిదేళ్ల కిందట 25 లక్షలు లోన్ తీసుకుని ఇల్లు కట్టుకున్నాం. ఈఎంఐ 22,500. ఇంకా 20 లక్షలకు కాస్త తక్కువ ఉంది. మామయ్యగారు అంబాజీపేట దగ్గరి కొబ్బరి తోట అమ్మేశారు. మా వాటా 12 లక్షలు ఇస్తూ "ముందు ఆ బ్యాంకు అప్పు వదిలించుకోండి" అంటున్నారు. 1996 తుపానుకు తోట పోయినప్పుడు అప్పులవాళ్లు ఇంటి మీదికి వచ్చారట. అప్పంటే ఆయనకు వణుకు. మావారేమో ఈ ఉద్యోగం ఇక చేయలేనంటున్నారు. రాత్రి నిద్ర లేదు. కడియపులంకలో స్నేహితుడి నర్సరీలో 18 వేలకు చేరి, పని నేర్చుకుని, తర్వాత సొంతంగా పెట్టుకుంటానంటారు. ఆ 12 లక్షలు అందుకు ఉంచుదామంటారు. ఈ సంగతి మామయ్యగారికి తెలియదు, డబ్బు చేతికొచ్చాక చెబుదామంటున్నారు. ఇంటి ఖర్చు నెలకు 25 వేలు, ఇద్దరు పిల్లలు. నాకు ఎటూ తోచడం లేదు.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో లెక్కలన్నీ ఉన్నాయి. కానీ నేను ఆగిపోయింది "ఈ సంగతి మామయ్యగారికి తెలియదు" అన్న చోట. కాబట్టి ముందు దాని గురించే మాట్లాడతాను. లోన్ సంగతి తర్వాత.

మీ మామయ్యగారు ఆ డబ్బు ఇస్తున్నది ఒక నమ్మకం మీద. కొడుక్కి నెల జీతం వస్తుంది, అప్పు ఒక్కటే బరువు, అది దించేస్తే నిశ్చింత అని ఆయన లెక్క. ఆ లెక్కలో సగం మారిపోయిందని మీకు తెలుసు, ఆయనకు తెలియదు. డబ్బు తీసుకున్నాక చెబితే, ఉద్యోగం మానేసినందుకు కంటే దాచినందుకే ఆయన ఎక్కువ బాధపడతారు. రేపు నర్సరీలో చిన్న నష్టం వచ్చినా "నా తోట డబ్బు" అన్న మాట ఇంట్లో ఏదో ఒక పూట వస్తుంది. ఆ మాట మీ ఇద్దరి మధ్యకీ వస్తుంది. అందుకని ఒక్క రూపాయి కూడా ఖాతాలోకి రాకముందే ఆయనకు చెప్పాలి. చెప్పాల్సింది మీరు కాదు, మీ ఆయన. మీరు పక్కన కూర్చోండి చాలు.

ఎలా చెప్పాలో ఆలోచించేముందు, ఆయన భయాన్ని ఒకసారి ఆయన వైపు నుంచి చూడండి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకు కోనసీమలో కొబ్బరి చెట్లు లెక్కలేనన్ని నేలకూలాయి. వరి పోతే మరుసటి ఏడాది మళ్లీ ఊడ్చుకోవచ్చు. కొబ్బరి మొక్క పెడితే కాపుకొచ్చి చేతికి నాలుగు రూపాయలు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్లూ మనిషి తినాలి, పిల్లల్ని చదివించాలి, పాత అప్పుకు వడ్డీ కట్టాలి. ఆ రోజుల్లో గుమ్మంలో నిలబడి అడిగిన వాళ్ల మాటలు ఆయన చెవిలో ఇంకా ఉండి ఉంటాయి. మీ ఆయనకు అప్పుడు పన్నెండేళ్లు ఉండాలి. అవన్నీ ఆ పిల్లవాడూ విన్నాడు. ఇప్పుడు అదే కొడుకు పదిహేనేళ్లుగా ఇంకొకరి గుమ్మంలో నిలబడి వాయిదా అడుగుతున్నాడు. నిద్ర పట్టకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చని నాకు అనిపిస్తోంది. ఇంట్లో ఈ మాట ఎప్పుడైనా వచ్చిందా? రాకపోతే ఇప్పుడు రానివ్వండి. "నాన్నా, అప్పట్లో మన గుమ్మంలో నిలబడిన మనిషి పని ఇప్పుడు నేను చేస్తున్నాను, ఇక చేయలేను" అని మీ ఆయన చెప్పగలిగితే, ఆయనకు అర్థం కాకపోవడం ఉండదు. నిద్రలేమి నెలల తరబడి ఉంటే డాక్టరుకు కూడా చూపించండి. ఉద్యోగం మారితే అదే సర్దుకుంటుందని వదిలేయకండి.

ఇక అప్పు సంగతి. మామయ్యగారు చూసిన అప్పు, మీ మీద ఉన్న అప్పు ఒకటి కావు. బయట అప్పులవాళ్ల దగ్గర నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మీ లోన్ తొమ్మిది శాతం అనుకుంటే, ఆయన భాషలో అది ముప్పావలా వడ్డీ, అంటే నెలకు నూటికి 75 పైసలు. ఆయనకు శాతాల్లో చెప్పకండి, ముప్పావలా వడ్డీ అనే చెప్పండి. మొహంలో తేడా మీకే కనిపిస్తుంది.

అలాగని ఆయన చెప్పినదాంట్లో పస లేదనుకోకండి. తొమ్మిది శాతం దగ్గర, 20 ఏళ్ల గడువు మీద లెక్క వేస్తే, ఈ ఎనిమిదేళ్లలో మీరు దాదాపు 21 లక్షల 60 వేలు కట్టారు. అందులో అసలు తగ్గింది 5 లక్షల పైచిలుకు మాత్రమే, ఇంకా 19 లక్షల 75 వేల దాకా మిగిలింది. మొదటి ఏళ్లలో వాయిదాలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. కాబట్టి ముందుగా కట్టడం లాభమే. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు (మధ్యలో మారుతూ ఉండే వడ్డీ) హౌసింగ్ లోన్ మీద ముందుగా కట్టినందుకు పెనాల్టీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది. మీది ఫ్లోటింగ్ రేటు అవునో కాదో కాగితాల్లో చూసుకోండి.

మరి 12 లక్షలూ ఎందుకు కట్టొద్దంటున్నానంటే, కట్టినా ఇంకా 7 లక్షల 75 వేలు మిగులుతుంది. చాలా బ్యాంకుల్లో మనం ప్రత్యేకంగా అడగకపోతే ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గిస్తారు. అంటే 12 లక్షలు కట్టిన మరుసటి నెలలోనే మళ్లీ 22,500 కట్టాలి. అప్పటికి మీ ఆయన జీతం 18 వేలు, చేతిలో డబ్బు సున్నా. బ్యాంకులో కట్టిన డబ్బు మళ్లీ కావాలంటే కొత్త లోన్ అడగాలి. జీతం స్లిప్పు లేని మనిషికి, వ్యాపారం మొదలుపెట్టి ఏడాది కూడా కానివాడికి అది అంత తేలిగ్గా రాదు. సాధారణంగా రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు చూపించమంటారు. అప్పుడు మిగిలేది రెండు రూపాయల వడ్డీ అప్పే. మామయ్యగారు దేనికి భయపడి తోట అమ్మారో మళ్లీ అక్కడికే చేరతారు.

నా మాట ఇది. 4 లక్షలు లోన్‌లో కట్టండి. కట్టేటప్పుడు గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించమని రాసిచ్చి, అంగీకరించినట్టు కాగితం తీసుకోండి. అప్పుడు ఈఎంఐ 18 వేల దగ్గరికి వస్తుంది. మిగతా 8 లక్షలు ముట్టుకోకండి. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు 43 వేలు. మీ ఇద్దరి జీతాలు 34 వేలు. నెలకు 9 వేలు, ఏడాదికి లక్షా 8 వేలు తక్కువ పడుతుంది. అది ఆ డబ్బులోంచి తీసుకోవచ్చు. ఒకవేళ ఇద్దరికీ ఒక్క రూపాయి రాకపోయినా ఆ 8 లక్షలతో ఏడాదిన్నర ఇల్లు నడుస్తుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు ఆరున్నర శాతం వస్తుందనుకుంటే, లోన్ వడ్డీతో పోల్చినప్పుడు ఏడాదికి 20 వేలు పోతాయి. అది తెలిసే ఒప్పుకోవాల్సిన ఖర్చు. పిల్లల ఫీజు కట్టే నెలలో ఎవరి దగ్గరా చేయి చాచకుండా ఉండటానికి అది ఎక్కువ కాదు.

ఆ డిపాజిట్ మామయ్యగారి పేరు మీదే వేయమని నా సలహా. పెద్దవాళ్లకు సాధారణంగా అర శాతం ఎక్కువ ఇస్తారు, కానీ నేను చెబుతున్నది అందుకు కాదు. ఆయన తోట పూర్తిగా మాయం కాలేదని, పాస్‌బుక్ రూపంలో కళ్ల ముందు ఉందని ఆయనకు ధైర్యం. అవసరమైనప్పుడు ఆయన్ని అడిగి తీసుకుంటారు కాబట్టి మీ ఆయనకూ ఒక పట్టు ఉంటుంది. అంతా ఒకే డిపాజిట్‌గా వేయకండి. రెండు రెండు లక్షలుగా విడగొడితే ఒకటి అవసరపడినప్పుడు మిగతావి కదపక్కర్లేదు. బ్యాంకు డిపాజిట్‌కు బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 5 లక్షల వరకే, అందుకని రెండు బ్యాంకుల్లో వేయండి. ఈ ఏర్పాటు మీ ఆయన తోబుట్టువులకు కూడా తెలియాలి, నామినీ ఎవరో ఇప్పుడే రాసుకోండి.

లోన్ ముందే కడితే టాక్స్ మినహాయింపు పోతుందని ఎవరైనా అంటే ఇప్పుడు పట్టించుకోకండి, ఆదాయపు పన్ను కొత్త విధానంలో సొంతానికి ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపు ఎలాగూ లేదు. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం ఉద్యోగంతోపాటే పోతుంది. రాజీనామా ఇచ్చేలోపు కుటుంబానికి సొంత పాలసీ తీసుకోండి.

నర్సరీ గురించి ఒక్క షరతు. మొదటి ఏడాది జీతానికే చేయాలి, వాటాకు వద్దు. స్నేహితుడు ఎంత మంచివాడైనా సరే. కడియపులంక రోడ్డు మీద చూస్తే అంతా పువ్వులే కనిపిస్తాయి, లోపల మాత్రం కౌలు, కూలీ, షేడ్ నెట్, ఎరువు అన్నీ ముందు ఖర్చే. మొక్క అమ్ముడుపోయేదాకా డబ్బు మట్టిలోనే ఉంటుంది. వానాకాలం ఆర్డర్లు, వేసవిలో నీళ్ల కష్టం, లారీ లోడు పంపాక డబ్బు రావడానికి పట్టే కాలం, ఇవన్నీ ఒక ఏడాది పూర్తిగా చూస్తేగాని తెలియవు. రావులపాలెం నుంచి జొన్నాడ వంతెన దాటితే ఎంతో దూరం కాదు కాబట్టి, మానేయకముందే రెండు నెలలు ఆదివారాలు వెళ్లి అంట్లు కట్టే చోట కూర్చోమనండి. ఒక ఆదివారం మామయ్యగారిని కూడా తీసుకెళ్లమనండి. తుపాను పడగొట్టిన తోటను మళ్లీ మొక్క నుంచి పెంచిన మనిషి ఆయన. కొడుకు ఎంచుకున్న పని మీద ఆయనకు చెప్పడానికి చాలా ఉంటుంది.

అంతా విన్నాక కూడా ఆయన "కాదు, 12 లక్షలూ అప్పుకే కట్టండి" అంటే? అది ఆయన డబ్బు. అలాగే కట్టండి. ఈఎంఐ మార్చకుండా కట్టుకుంటూ పోతే మిగిలిన లోన్ దాదాపు 40 నెలల్లో తీరిపోతుంది. అప్పటిదాకా మీ ఆయన జీతం ఉద్యోగం వదలకూడదు, కానీ ఆ వసూళ్ల పని మాత్రం వదలవచ్చు. అదే కంపెనీలో ఆఫీసు పని అడగవచ్చు, లేదా 40 వేలకైనా ఇంకో చోట చూసుకోవచ్చు. నర్సరీ నాలుగేళ్లు ఆగినా కడియపులంకలోనే ఉంటుంది. లోన్ తీరిన రోజున ఇంటి ఒరిజినల్ కాగితాలు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు చొప్పున మీకు కట్టాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆ కాగితాలు తెచ్చుకునే రోజున మామయ్యగారిని మీతో బ్యాంకుకు తీసుకెళ్లండి.